బ్యాండ్ పేరు ఎవరి సొత్తు?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో, సొంతంగా బ్యాండ్లు పెట్టుకున్న కుర్రకారు ముందు ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పూట బీచ్‌కి పోకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, కుర్చీలున్నాయి. ఆ గోడకి ఆనించిన గిటార్లు జారిపడతాయి, కింద పడుకోబెట్టండి.

నేను సంగీతం మాష్టారిని కాను. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. 2008 నుంచి ఒకే బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తున్నాను. మేం ఐదుగురం. లీడ్ గిటార్ వాయించే తమ్ముడు స్టీల్ ప్లాంట్ ఉద్యోగి, ఉక్కునగరంలో ఉంటాడు. డ్రమ్మర్‌కి కంచరపాలెంలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. కీబోర్డు అన్నయ్య మధురవాడ వైపు స్థలాల వ్యాపారం చేస్తారు. పాడే చెల్లి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తుంది. పెళ్లి సంగీత్‌లు, అపార్ట్‌మెంట్లలో న్యూ ఇయర్ ప్రోగ్రాంలు, వినాయక చవితి పందిళ్లు, అప్పుడప్పుడు కాలేజీ ఫెస్టులు. ఏడాదికి 20 ప్రోగ్రాంలు దాటితే మాకది మంచి ఏడాది.

నన్ను పిలిచిన వాళ్లు "గొడవలు రాకుండా బ్యాండ్ నడపడం ఎలాగో చెప్పండి" అన్నారు. అది నాకు తెలీదు. ఐదుగురు మనుషులు ఒక గదిలో పెద్ద చప్పుడు చేసే వస్తువులు పట్టుకుని కూర్చుంటే గొడవ రాకుండా ఉండదు. వచ్చిన గొడవల్లో ఏది మమ్మల్ని విడగొట్టింది, ఏది విడగొట్టలేదు అన్నది మాత్రం చెప్పగలను. దానికోసం నేను చేసిన ఒక పెద్ద తప్పు మీకు చెప్పాలి.

2019 ఎన్నికలు. మన రాష్ట్రంలో ఏప్రిల్ 11న పోలింగ్. మార్చి నెలాఖరులో ఒకాయన ఫోన్ చేశారు. ఒక పార్టీ సభ, నాయకుడు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టాలి, గంటన్నర పాటలు, 40 వేలు ఇస్తామన్నారు. అప్పట్లో మాకు ప్రోగ్రాంకి 15 వేలొస్తే గొప్ప. కొత్త మిక్సర్ కొనాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. నేను ఫోన్‌లోనే సరే అనేశాను. అడ్వాన్స్ తీసుకున్నాను. మా వాళ్లకి రాత్రి మెసేజ్ పెట్టాను: "శనివారం ప్రోగ్రాం ఉంది, డబ్బులు బాగున్నాయి." పార్టీ పేరు రాయలేదు. మర్చిపోయానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. రాస్తే ఎవరో ఒకరు వద్దంటారని తెలిసే రాయలేదు.

మర్నాడు పొద్దున్నే మా డ్రమ్మర్ ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర ఫ్లెక్సీ చూశాడు. పైన నాయకుడి బొమ్మ, కింద పార్టీ గుర్తు, దాని పక్కన మా బ్యాండ్ పేరు. దాని కింద మా ఐదుగురి ఫొటో. అంతకుముందు ఏడాది న్యూ ఇయర్‌కి దిగిన ఫొటో అది, ఎక్కడినుంచో తీసేసుకున్నారు. అతను నాకు ఫోన్ చేసి ఒకే ముక్క అడిగాడు: "నన్నొక మాట అడిగేవా?"

నేనేం చేశానో తెలుసా? దానికి జవాబు చెప్పకుండా రాజకీయం మొదలుపెట్టాను. "ఆ పార్టీ అంటే నీకు పడదని నాకు తెలుసు, అయినా ఇది ప్రోగ్రాం, మనం కళాకారులం, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర వాయిస్తాం" అని పావుగంట మాట్లాడాను. అతను విన్నాడు. ఫోన్ పెట్టేశాడు. శనివారం రాలేదు. అప్పటికప్పుడు వేరే కుర్రాడిని రిథమ్ ప్యాడ్స్‌కి మాట్లాడుకుని ప్రోగ్రాం అవగొట్టాం. ఆ తర్వాత ఏడు నెలలు అతను మా ప్రాక్టీస్ గది గుమ్మం తొక్కలేదు.

ఏడు నెలలూ నేను జనానికి ఒకటే చెప్పుకుంటూ తిరిగాను, మా వాడికి పార్టీ పిచ్చి, అందుకే వెళ్లిపోయాడని. అక్టోబరులో దసరాకి వాళ్ల కొట్టుకి వెళ్లాను. ఫ్యాన్ రెగ్యులేటర్ కావాలన్న వంకతో వెళ్లాను. కౌంటర్ మీద రెగ్యులేటర్ పెట్టి, బిల్లు రాసి, చిల్లర లెక్కపెడుతూ తలెత్తకుండా చెప్పాడు: "అన్నా, నేను ఆ పార్టీకే ఓటేశాను. నీకు నెలయ్యేసరికి జీతం వస్తాది. నా కొట్టు వీధిలో ఉంది. వీధిలో సగం మంది అవతల పార్టీ. ఫ్లెక్సీ చూసి నలుగురు నా దగ్గర అప్పుఖాతా మూసుకుని పక్కకొట్టుకి పోయారు. ముందు చెప్పుంటే ఫ్లెక్సీలోంచి నా బొమ్మ తీసేయించి, వచ్చి వాయించేవోడిని."

ఆ పార్టీకే ఓటేశాడు! మా మధ్య రాజకీయ విభేదమే లేదు. ఏడు నెలలు ఒక మంచి డ్రమ్మర్‌ని, మంచి స్నేహితుడిని లేని విభేదానికి పోగొట్టుకున్నాను. అప్పటినుంచి నా నమ్మకం ఒకటే, మీకు చెప్పాలని తెచ్చింది కూడా అదే. వేరే అభిప్రాయం ఉన్నవాడితో కలిసి వాయించవచ్చు. తనని అడగకుండా తన మొహం వాడుకున్నవాడితో కలిసి వాయించడం మనిషికి చాలా కష్టం.

మీలో కొందరు అనుకోవచ్చు, అసలు రాజకీయాలు మాట్లాడుకోకపోతే పోలేదా అని. చాలామంది ఇదే సలహా ఇస్తారు. మాట్లాడుకోకుండా నడిపిన వాళ్ల కథ ఒకటుంది. న్యూయార్క్‌లో 1974లో పుట్టిన రామోన్స్ అనే పంక్ బ్యాండ్. గిటార్ వాయించే జానీ గట్టి మితవాది, తర్వాత అమెరికా అధ్యక్షుడైన రీగన్‌కి అభిమాని. పాడే జోయీ ఉదారవాది. దానికి తోడు జోయీ ప్రేమించిన అమ్మాయి 80ల మొదట్లో జానీ దగ్గరికి వెళ్లిపోయింది, తర్వాత అతన్నే పెళ్లి చేసుకుంది. ఇక ఆ ఇద్దరి మధ్య మాటల్లేవు. మాటల్లేకుండానే ఒకే వ్యానులో తిరిగారు, ఒకే స్టేజి మీద నిలబడ్డారు. 1996లో ఆపేసేనాటికి 2,263 ప్రదర్శనలు.

మధ్యలో 1985లో రీగన్ జర్మనీలో బిట్‌బర్గ్ శ్మశానానికి వెళ్లాడు. అక్కడ ఎస్.ఎస్. అనే, హిట్లర్ కాలంలో యూదుల ఊచకోతలో చేయి ఉన్న నాజీ దళం సైనికుల సమాధులు కూడా ఉన్నాయి. జోయీ యూదుడు, ఒళ్లు మండి దాని మీద పాట కట్టాడు. జానీకి తన అధ్యక్షుడిని అనడం నచ్చలేదు. చివరికి ఆల్బంలో ఆ పాట పేరు మార్చి వేశారు, పాట మాత్రం ఉంది. 2001లో జోయీ క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికీ ఇద్దరూ కలవలేదు.

ఈ కథని కొందరు గొప్పగా చెబుతారు, చూడండి, విభేదాలున్నా 22 ఏళ్లు వాయించారని. నాకు మాత్రం చాలా బాధేస్తుంది. వాళ్లకి అది వృత్తి, కూడు పెట్టే పని, కాబట్టి పళ్లు బిగబట్టి లాగారు. మనల్ని కట్టి ఉంచడానికి జీతమా, అగ్రిమెంటా? ఆదివారం నాలుగింటి నుంచి ఏడింటి దాకా ఒక గది. అంతే. అలిగినవాడు రాకపోతే వాడికి పోయేదేమీ లేదు, ఇంట్లో పిల్లలతో ఉంటాడు, ఇంట్లో వాళ్లు సంతోషిస్తారు కూడా. ఆ గదిలోకి రావాలనిపించడం ఒక్కటే మన పెట్టుబడి. మౌనంతో అది మిగలదు.

సరే, ఇక 2021కి వస్తాను. ఇది అసలైన విభేదం, దీని మీదే ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నాను.

మీలో చాలామందికి పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న ఉద్యమంలో రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ప్లాంటు కోసం ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేశారు. మా లీడ్ గిటారిస్టు వాళ్ల తాతగారి ఊరు వాటిల్లో ఒకటి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ప్లాంటులో నూటికి నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఫిబ్రవరిలో కూర్మన్నపాలెం దగ్గర రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. ఆ ఆదివారం ప్రాక్టీస్‌కి మా తమ్ముడు గిటార్ తేలేదు. వచ్చి స్టూల్ మీద కూర్చుని "శిబిరంలో మన బ్యాండ్ వాయించాలి" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

కీబోర్డు అన్నయ్య వద్దన్నారు. ఆయన మాట కూడా నేను సరిగ్గానే చెప్పాలి, లేకపోతే అన్యాయం. ప్రభుత్వం వ్యాపారం చేస్తే నష్టాలే వస్తాయని, ప్రైవేటు వాళ్లొస్తే ఈ ఊరికి ఇంకా పని దొరుకుతుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతారు. తను నమ్మనిదాని కోసం తన బ్యాండ్ పేరుతో వాయిస్తే ఎలా అని ఆయన ప్రశ్న. చెల్లి ఏమీ మాట్లాడలేదు. మైకు వైరు చుట్టుకుంటూ కూర్చుంది. "నువ్వేమంటావు, మన ఊరి ఫ్యాక్టరీ కదా" అని తమ్ముడు రెట్టించాడు. అప్పుడు చెప్పింది, ఉద్యోగం పోతుందని.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1964 నాటి ప్రవర్తనా నియమాలున్నాయి. ఐదో నియమం ప్రకారం రాజకీయ ఉద్యమంలో పాల్గొనకూడదు, ఏ రూపంలోనూ సాయపడకూడదు. తొమ్మిదో నియమం ప్రభుత్వ విధానాన్ని బయట విమర్శించకూడదంటుంది. శిబిరంలో పాడిన వీడియో ఒక్కటి చాలు, ఎవరో ఒకరు ఫిర్యాదు పెట్టడానికి. ఆమెకి మనసులో పాడాలనే ఉంది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

చూడండి, ఒకే "వద్దు"లో రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఒకరిది నమ్మకం, ఒకరిది భయం. మా తమ్ముడు ఇద్దరినీ ఒక గాటన కట్టి "మీరంతా వాళ్ల మనుషులు" అని లేచాడు. నేను అతని పక్షమే, ఇప్పుడు కూడా అతని పక్షమే. అయినా తలుపు దగ్గర ఆపాను. 2019లో నేను డ్రమ్మర్‌కి చేసింది ఇదే కదా. అవతలివాడు ఎందుకు వద్దంటున్నాడో అడక్కుండా, పార్టీ అంటగట్టి పంపేశాను.

డ్రమ్మర్ వచ్చాక మేం ఒక లాంగ్ నోట్‌బుక్‌లో కొన్ని మాటలు రాసుకుని ఐదుగురం సంతకాలు పెట్టాం. అందులో మొదటిది: బ్యాండ్ పేరుతో ఏ పార్టీ, ఏ ఉద్యమం, ఏ మతం, ఏ కులసంఘం వేదిక ఎక్కాలన్నా ఐదుగురూ ఒప్పుకోవాలి. ఒక్కరు వద్దన్నా వద్దే, కారణం చెప్పమని పీడించకూడదు. రెండోది: ఎవరికి వారు సొంత మనిషిగా ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఏమైనా పాడొచ్చు, మిగతావాళ్లు దెప్పకూడదు. ఆ పుస్తకం తీసి చదివాను. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా తాత పొలం పోయింది, ఇప్పుడు ప్లాంటు పోతాది, నువ్వు నాకు నోట్‌బుక్ చదువుతున్నావు" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

చివరికి ముగ్గురం వెళ్లాం, తమ్ముడు, డ్రమ్మర్, నేను. బ్యాండ్ పేరు లేదు, బ్యానర్ లేదు. ఒక గిటారు, మీద కూర్చుని చేతులతో వాయించే కహోన్ పెట్టె ఒకటి, గొంతులు. నేను బేస్ వదిలేసి కోరస్ పాడాను. బయల్దేరే ముందు కీబోర్డు అన్నయ్య కారాపుకుని వచ్చారు. డిక్కీ తీసి తన బ్యాటరీ స్పీకర్ కిందకి దింపారు. "అక్కడ కరెంటు ఉంటుందో ఉండదో. ఫుల్ ఛార్జింగ్ పెట్టాను, నాలుగ్గంటలు వస్తుంది. మైకు రెండో సాకెట్‌లో పెట్టండి, మొదటిది లూజు" అన్నారు. శిబిరానికి రాలేదు. వాదన మార్చుకోలేదు. నేను చూసిన మర్యాదల్లో అది పెద్దది. ఆ స్పీకర్ ఎర్ర రంగుది, పక్కన గీత పడి ఉంటుంది, ఇప్పటికీ మా గదిలో ఆ మూల ఉంది.

దీంతో అంతా సర్దుకుందని చెప్పను. పూర్తి బ్యాండ్ రాలేదన్న బాధ తమ్ముడికి ఇవాళ్టికీ ఉంది. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. "చూశావా, ఆదుకున్నారు" అని అన్నయ్య, "అమ్మం అని ఒక్క ముక్క రాసివ్వమను" అని తమ్ముడు. టీ కొట్టు దగ్గర గంటన్నర. టీ డబ్బులు ఎవరిస్తారన్న దగ్గర మళ్లీ ఇంకో పోట్లాట, ఇద్దరూ నేనిస్తానంటే నేనిస్తానని. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఒప్పించాలని నేను కోరుకోవడం మానేశాను.

టీ కొట్టు అన్నాను కదా, అదీ నోట్‌బుక్‌లో ఉంది. వాయిద్యం భుజాన ఉండగా రాజకీయం ఎత్తకూడదు. ప్యాకప్ అయ్యాక టీ దగ్గర ఎంతైనా మాట్లాడుకోవచ్చు. వాట్సాప్‌లో రెండు గ్రూపులు. ప్రోగ్రాం గ్రూపులో తేదీ, టైము, చోటు, పాటలు, డబ్బులు, అంతే. అందులో ఎవరైనా ఫార్వర్డ్ పెడితే పెట్టినవాడే తీసేయాలి. రెండో గ్రూపులో ఇష్టమైనవాళ్లు ఉంటారు. చెల్లి ఆ గ్రూపులో లేదు, ఎందుకు లేవని ఎవరూ అడగరు.

ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. మన బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలు. ఆ ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఆ మనిషిని పిలవడమే రాజకీయం అని పిలుస్తారు. కథ నడుస్తుంటే ఆపి, దేశంలో జరుగుతున్నది ఎత్తుతాడు, చురక వేస్తాడు. కథకుడు వింటాడు, ప్రశ్నిస్తాడు, మళ్లీ తందాన తాన అని కథలోకి లాక్కుపోతాడు. షేక్ నాజర్ లాంటి వాళ్లు 1940లలో ప్రజానాట్యమండలి తరఫున ఊరూరా చెప్పింది ఈ పద్ధతిలోనే. రాజకీయానికి ఒక మనిషి, ఒక చోటు, ఒక సమయం ఇచ్చిన కళ మనది. చోటు ఇవ్వకపోతే అది పాటల మధ్యలో, డబ్బు పంచుకునేటప్పుడు, శ్రుతి చేసుకునేటప్పుడు ఎక్కడపడితే అక్కడ తలెత్తుతుంది.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. అన్నీ అభిప్రాయభేదాలు కావు. చాలా ఏళ్ల కిందట మాతో ఇంకో గిటారిస్టు ఉండేవాడు, చేయి చాలా బాగుండేది. ఒకరోజు డ్రమ్మర్ కులం ఎత్తి ఒక మాట అన్నాడు. సరదాకి అన్నానన్నాడు. మేం ఆ పూట ఏమీ అనలేదు, తర్వాతి పాట ఎత్తుకున్నాం. పంపించడానికి రెండు వారాలు పట్టింది, ఎందుకంటే ముందు ఒక ప్రోగ్రాం ఒప్పుకుని ఉన్నాం. ఆ రెండు వారాలు మా డ్రమ్మర్ వచ్చి అతని వెనకే కూర్చుని వాయించాడు. నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. కులం తక్కువ చేసే మాటకి, పాడే అమ్మాయి మీద వెకిలి మాటకి ఈ నోట్‌బుక్ పనికిరాదు. అక్కడ చర్చ లేదు. ఆ పూటే ఆపేయండి, ప్రోగ్రాం పోతే పోనీయండి.

ఇక సొంత గొడవలు. వీటిల్లో సగం చెవులకి సంబంధించినవి. నిజంగానే అంటున్నాను. మా గది పది అడుగులు బై పన్నెండు. డ్రమ్స్‌కి వాల్యూమ్ నాబ్ ఉండదు. డ్రమ్మర్ కొడతాడు, గిటారిస్టుకి తనది వినపడదు, పెంచుతాడు. కీబోర్డు పెరుగుతుంది. అప్పుడు పాడేవాళ్లకి తమ గొంతు వినపడక అరుస్తారు. గంటకి గొంతు పోతుంది, తలనొప్పి వస్తుంది, "నువ్వు నన్ను తొక్కేస్తున్నావు" అన్న మాట వస్తుంది. అది మనసులో మాటేమీ కాదు, చెవిలో మాట. గిటార్ యాంప్, అంటే శబ్దం పెంచే స్పీకర్ పెట్టె, నేల మీద పెడితే శబ్దం వాయించేవాడి మోకాళ్లకి తగిలి, ఎదురుగా కూర్చున్నవాడి చెవిలోకి సూటిగా పోతుంది. వాయించేవాడికి చాలదు, ఎదుటివాడికి భరించలేనంత. ఆ యాంప్‌ని కుర్చీ మీద పెట్టి చెవి వైపు వాలిస్తే, సగం గొడవ ఆ సాయంత్రమే పోతుంది. ముందు పాడే గొంతు మైకు కూయకుండా ఎంతవరకు వస్తుందో చూసుకోండి. మిగతావన్నీ దాని కిందకి దించుకోండి. మేం ఈ సంగతి తెలుసుకోవడానికి నాలుగేళ్లు పోట్లాడుకున్నాం.

మిగతా సగం చిన్న మాటలు. వినాయక చవితి పందిరి ఒకటి, అక్కయ్యపాలెం వైపు. మా డ్రమ్మర్ చర్చిలో వాయిస్తూ పెరిగిన మనిషి. మన ఊళ్లో కీబోర్డు, డ్రమ్స్ వాయించే వాళ్లలో చాలామందికి తొలి గురువు చర్చి క్వయరే. దేవుడి పాటలకి అతను వాయిస్తాడు, బ్రహ్మాండంగా వాయిస్తాడు. ఆ రోజు సౌండ్ చెక్ అయ్యాక కమిటీ పెద్దాయన పళ్లెంలో కుంకుమ పెట్టుకుని వరసగా బొట్టు పెడుతూ వచ్చారు. తమ్ముడికి పెట్టారు, నాకు పెట్టారు. డ్రమ్మర్ స్టూల్ మీద నుంచి లేచి రెండు చేతులూ జోడించి, ఒకడుగు వెనక్కి వేశాడు. మడమ కిక్ పెడల్‌కి తగిలి ఢమ్మని మోగింది. అందరూ అటు చూశారు. కీబోర్డు అన్నయ్య "ఏం, పెట్టుకుంటే ఏమైపోతుంది?" అన్నారు.

ఆయన మామూలుగానే అన్నారు. కానీ ఆ మాట అడగాల్సిన చోటు అది కాదు. యాభై మంది ముందు ఒక మనిషి చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు మా చెల్లి ముందుకొచ్చి "బాబాయ్ గారూ, ఆయనకి వద్దండి, ఆయన వంతు నాకు పెట్టండి" అంది. పెద్దాయన నవ్వి పెట్టేశారు. ఐదు సెకన్లు పట్టలేదు. ఆ రాత్రి అన్నయ్య బండి మీద కంచరపాలెం వెళ్లి, కొట్టు షట్టర్ దించేటప్పుడు డ్రమ్మర్‌తో ఏదో మాట్లాడి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో మేం అడగలేదు. ఆ తర్వాత నుంచి ప్రోగ్రాం ఒప్పుకునేటప్పుడే "మాలో ఒకరికి బొట్టు, ప్రసాదం వద్దండి" అని ముందే చెప్పేస్తాను. ఇంతవరకు ఒక్కరు కూడా తప్పుపట్టలేదు. డిసెంబరు మూడు వారాలు అతను చర్చికే, మేం ఆ తేదీలు ఒప్పుకోం.

డబ్బు గురించి తొందరగా చెప్పేస్తాను. ప్రోగ్రాం డబ్బులో పదో వంతు ముందు డబ్బాలో, మిగతాది ఐదు సమాన వాటాలు. పాడేవాళ్లకి ఎక్కువ, డ్రమ్మర్‌కి తక్కువ అన్న లెక్కలు పెట్టుకోవద్దు. ఏ వస్తువు ఎవరిదో రాసుకోండి. వెళ్లిపోయేవాడు ఏం తీసుకెళ్లాలో అందరూ బాగున్న రోజునే రాసుకోవాలి.

బాగా బిగుసుకుపోయినప్పుడు ఒక పని చేయండి, బయటి కళాకారుడు ఒకరిని పిలవండి. 1969 జనవరి 10న ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ రిహార్సల్ మధ్యలో వాళ్ల గిటారిస్టు జార్జ్ హారిసన్ లేచి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు రెండు మార్పులు అడిగాడు, వాళ్లు రిహార్సల్ చేస్తున్న చలి కొట్టే షూటింగ్ స్టూడియో వద్దు, చేద్దామనుకుంటున్న భారీ ప్రదర్శన వద్దు. సొంత ఆఫీసు కింది గదికి మారారు. అక్కడికి బిల్లీ ప్రెస్టన్ అనే కీబోర్డు కళాకారుడు వచ్చి కూర్చున్నాడు. ఆయన ఉన్నన్నాళ్లు అందరూ మెత్తబడ్డారు. ఇంటికి చుట్టం వస్తే మనం గొంతు పెంచం కదా. మేం కూడా 2022లో ఒక నెల రోజులు మాటామాటా పెరుగుతున్నప్పుడు విజయనగరం నుంచి ఒక డప్పు కళాకారుడిని మూడు ఆదివారాలు పిలిచాం. పెద్దాయన, డెబ్బై దాటాయి. డప్పు కాచుకోవడానికి ఆయన మా గది బయట చితుకులు అంటిస్తే ఐదుగురం చుట్టూ చేరి చూశాం. ఆ మూడు వారాలూ ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

ప్రశ్నలు అడగండి. ఆ నీలం చొక్కా తమ్ముడు.

(ఒక విద్యార్థి: సార్, మా బ్యాండ్‌లో మా ఫ్రెండ్ ఒకడు ఎన్నికలప్పటి నుంచి నాతో మాట్లాడట్లేదు. వాడి పార్టీని నేను స్టేటస్‌లో తిట్టాను. నేను అన్నది తప్పని నాకు అనిపించట్లేదు. అయినా సారీ చెప్పాలా?)

అన్నది తప్పు కాదనుకుంటే దానికి సారీ చెప్పొద్దు. అబద్ధపు సారీ వాడికీ తెలిసిపోతుంది. ఒకటి చెప్పు, ఆ స్టేటస్‌లో మీ బ్యాండ్ ఫొటో గానీ పేరు గానీ ఉందా?

(విద్యార్థి: ప్రొఫైల్ ఫొటో మా బ్యాండ్‌ది సార్. అందరం ఉన్నాం.)

వాడు కూడా ఉన్నాడా అందులో?

(విద్యార్థి: ముందు వరసలో ఉన్నాడు సార్.)

అయితే వాడి పార్టీని వాడి మొహం పెట్టుకుని తిట్టావు నాన్నా. దానికి చెప్పు సారీ. పార్టీ గురించి అన్నదానికి కాదు, ఫొటోకి. ముందు ఇప్పుడే ఆ ఫొటో మార్చు. ఫోన్‌లో చెప్పొద్దు, మెసేజ్ అసలే వద్దు. వాడిల్లెక్కడ?

(విద్యార్థి: గోపాలపట్నం సార్.)

దగ్గరే. వాడు ఏం వాయిస్తాడు?

(విద్యార్థి: రిథమ్ గిటార్ సార్. వాడి గిటార్ మా ఇంట్లోనే ఉండిపోయింది, రెండు నెలల నుంచి.)

మన ఉప్పుగాలికి రెండు నెలలంటే తీగలు తుప్పు పట్టేసుంటాయి. వెళ్లేముందు కొత్త సెట్ కొని, నువ్వే ఎక్కించి, శ్రుతి చేసి పట్టుకెళ్లు.